డోలీ మోసే భుజం

పదహారో ఏట నుంచి డోలీ కొయ్య ఒరిసి ఒరిసి, సోంబరు ఎడమ భుజం ఎద్దు మెడలా కాయ కాచిపోయింది. అతని గూడెం పెదబయలు అవతల కొండమీద ఉంది. ఆ కొండ ఎక్కాల్సిన అధికారినీ, దిగాల్సిన రోగినీ అతనూ, అతని బావమరిది సుక్రూ మోసేవారు. రోగిని మోస్తే ఆ ఇంటివాళ్ళు గంపెడు సామలు ఇచ్చేవారు. అధికారిని మోస్తే ఏమీ ఉండేది కాదు. అది వెట్టి.

మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగి రెండేళ్ళయింది. ఆ గొడవల్లో అడవిలో తిరిగేవాళ్ళు వచ్చి, ఇక కొండంతా మనదేనని చెప్పి, ఇంట్లో ఉన్న చోళ్ళు పట్టుకుపోయారు. వెనకాలే పోలీసులు వచ్చి, వాళ్ళకి తిండి ఎందుకు పెట్టారని కొట్టారు. ఎవరు పెట్టారో వేలు చాచి చూపించినవాడు ముఠాదారు, ఆ గూడేల మీద సర్కారు పెట్టిన పెద్ద. ఆ వేలి మూలంగానే సోంబరు అన్న జైలుకి వెళ్ళి, తిరిగి రాలేదు. అప్పటి నుంచి సోంబరు ఏ పెద్దమనిషి మాటా నమ్మలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. కోపానికైనా ఒంట్లో కాస్త సత్తువ మిగలాలి.

ఆ వేసవిలో ఒళ్ళు కాలిపోతున్న ఫారెస్టు గార్డునొకణ్ణి ఇద్దరూ పాడేరు దించారు. కొండజ్వరం అనుకున్నారు. కాదు, మశూచి, అమ్మోరు పోసిందని తరువాత తెలిసింది. రెండు వారాలకు సుక్రుకి ఒళ్ళు వెచ్చబడి, ముఖం మీద నాలుగు పొక్కులు లేచాయి. ఎండ దెబ్బ అనుకున్నాడు. అదే రోజు పక్క గూడెం కోడలు గంగకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. సుక్రు జ్వరంతోనే కొయ్య ఎత్తాడు. గంగ పాడేరులో ప్రసవించింది. తల్లీబిడ్డలు క్షేమమని అందరూ ఊపిరి పీల్చుకున్నాక, ఇద్దరికీ అమ్మోరు పోసింది. ఇద్దరూ దక్కలేదు. సుక్రు ఒక కన్ను పోగొట్టుకుని బతికాడు.

గంగ అత్త యర్రమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. పదో రోజు గంపెడు సామలు తెచ్చి, మోసిన కష్టం మోసిందే కదా అని సోంబరు గుమ్మంలో దించి వెళ్ళింది. సోంబరు భార్య కనక ఆ సామలు దంచలేకపోయింది. పురుగు పట్టే దాకా అవి మూలనే ఉన్నాయి.

చలికాలం టీకాలు వేసే మనిషి వచ్చాడు. అతన్నీ కొండెక్కించింది సోంబరే. గూడెం మధ్యన ముఠాదారు నిలబడి, టీకా వేయించుకోని ఇంటికి ఘాటీ రోడ్డు మీద వెట్టి పని ఇంకో వారం పడుతుందని చాటించాడు. దాంతో సగం జనం అడవిలోకి జారుకున్నారు. అమ్మోరికి కోపం వస్తుందని పూజారి అన్నాడు. ఆ మందుతో మనుషుల్ని గుర్తుపెట్టి జైళ్ళకి పంపుతారని ఇంకొకరు అన్నారు. సోంబరు మాత్రం డోలీ కొయ్య గోడకి చేర్చి అటు నడిచాడు. కనక అడ్డం వచ్చింది.

"మీ అన్నని పట్టిచ్చినోడు పిలిత్తే ఎల్తావేటి?"

"ఆడి కోసం కాదు. నా డోలీ ఎక్కినోళ్ళ కోసం," అన్నాడు సోంబరు. "ఇరవై ఏళ్ళుగా దొరల్ని రెక్క పట్టి ఎక్కిత్తన్నాను, దించుతన్నాను. అందరి రెక్కల మీదా ఈ టీకా మచ్చలున్నాయి. మనకి పెట్టింది ఏదీ ఆళ్ళు తినరు. ఇది మాత్రం ముందు ఆళ్ళే ఏయించుకున్నారు."

టీకాలాయన ఎడమ చెయ్యి చాపమన్నాడు. ఎడమ పక్క బరువుకి కావాలని సోంబరు కుడి చెయ్యి చాపాడు. కత్తిమొన గీసినప్పుడు అటు చూడలేదు. నాలుగో రోజుకి పొక్కు లేచి, చంకలో బిళ్ళ కట్టి, జ్వరం తగిలింది. ఆ రోజే టీకాలాయన్ని అవతలి కొండకి చేర్చమని ముఠాదారు మనిషి వచ్చి పిలిచాడు. సోంబరు వెళ్ళాడు. సగం దారిలో టీకాలాయన డోలీ దిగి, మిగతా దూరం నడిచాడు. ఖాళీ డోలీతో సోంబరు వెనకాల నడిచాడు.

వారం తరువాత ఆయన మచ్చలు చూడటానికి తిరిగొచ్చినప్పుడు, కనక వచ్చి చెయ్యి చాపింది. ఆమె వెనక ఇంకో ఎనిమిది మంది వచ్చారు.

మరుసటి వేసవిలో అమ్మోరు మళ్ళీ వచ్చింది. రోగుల్ని దించడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒకసారి పోసిన ఒంటికి మళ్ళీ పోయదని సుక్రు వచ్చి కొయ్యకి ఒక చివర నిలబడ్డాడు. రెండో చివర సోంబరు పట్టాడు. దించిన ప్రతిసారీ డోలీ గుడ్డ తగలబెట్టి, ఏట్లో మునిగి ఇంటికి వచ్చేవారు. నెలలు నిండిన ఆడవాళ్ళని ఆ వేసవంతా వేరే ఇద్దరు, టీకా పడినవాళ్ళే, మోశారు. ఐదుగుర్ని దించితే ముగ్గురు బతికారు. సోంబరు ఇంట ఎవరికీ ఏమీ కాలేదు. టీకాలప్పుడు అడవిలో దాక్కున్న వాళ్ళ పిల్లలు ఇద్దరు పోయారు. ఆ ఇళ్ళ ముందు నుంచి నడుస్తూ సోంబరు తలెత్తేవాడు కాదు.

వానలకి ముందు పెద్ద అధికారి వచ్చాడు. నచ్చజెప్పి అందరికీ టీకాలు వేయించానని ముఠాదారు చెప్పుకున్నాడు. డోలీ పక్కనే నిలబడి సోంబరు అదంతా విన్నాడు. అధికారి వెళ్ళాక, ఘాటీ రోడ్డుకి ఇంకో రెండు మైళ్ళు రాయి కొట్టాలని కబురు వచ్చింది. పొద్దున్నే అంబలి తాగి, సోంబరు కూడా వెళ్ళాడు.