దేవదానం స్క్రీన్ ఇంకా పక్కకే ఉంది

నిన్న బుధవారం. పొద్దున్నుంచి ముసురు. ఎరువుల షాపు షట్టర్ బిగుసుకుంటే నూనె పెడుతున్న.

ఫోన్ మోగింది. దేవదానం భార్య సువర్ణ.

"రాజన్నా, ఎంత లేపినా లేస్తలేడు."

అంతే అన్నది. నూనె డబ్బా చేతిలోనే ఉంది. అట్లనే ఉరికిన.

ఇంకా నమ్మబుద్ధి అయితలేదు. మొన్న సాయంత్రమే "రేపు రా దొంగా" అన్నడు.

నేను ఎక్కువ మాట్లాడేటోన్ని కాదు. ఆయన నన్ను దొంగ అని ఎందుకు పిలిచేటోడో బోధన్ దోస్తులకు తెల్వాలని రాస్తున్న.

బస్టాండ్ దగ్గర దేవదానం డీటీపీ షాపు, పెండ్లి కార్డులు టైపు కొట్టేది. పక్కనే నేను పనిచేసే ఎరువుల షాపు. గిరాకి లేనప్పుడు పోయి ఆయన కంప్యూటర్ ముందు కూసునేటోన్ని. ఎవరూ నేర్పలేదు. ఏదో ఒకటి ఒత్తి చూసుడు, నోట్‌బుక్కులో రాసుకునుడు, అంతే.

చానా ఏండ్ల కింద ఒకరోజు అట్లనే ఏవో కీలు ఒత్తిన. స్క్రీన్ మొత్తం పక్కకు తిరిగింది. అక్షరాలన్నీ గోడకు పాకే బల్లుల లెక్క నిలువుగ నిలబడ్డయి.

ఎదురుగ ఎడపల్లి నుంచి వచ్చిన పెండ్లిపిల్ల తండ్రి. కార్డు సగమే అయింది. ఫ్లాపీ నిజామాబాద్ ప్రెస్సుకు పోవాలె. బస్సు ఇంకో అరగంటలో.

దేవదానం బయటి నుంచి వచ్చిండు. చూసిండు. బంద్ చేసి మళ్లా పెట్టిండు. తిరగలేదు.

నేను కుర్చీల నుంచి లేచి పక్కకు జరిగిన.

ఆయన చెంప టేబుల్‌కు ఆనించి, తల పక్కకు పెట్టి, టైపు కొట్టుడు మొదలుపెట్టిండు.

"ఏం పిల్లగా, నా బిడ్డ పెండ్లి కార్డు కొట్టుమంటె పండుకున్నవ్?"

"పండుకుంటెనే సక్కగ కనబడుతుంది పటేలా. నువ్వు గూడ పండుకో, తప్పులు సూడు."

ఆ పెద్దమనిషి నిజంగనే తల వంచి తప్పులు చూసిండు. ఫ్లాపీ బస్సెక్కింది.

దేవదానం బస్టాండ్‌కు పోయినప్పుడు ఒక్కొక్క కీ ఒత్తుకుంట పోయిన. కంట్రోల్, ఆల్ట్, పై బాణం. సక్కగైంది. నోట్‌బుక్కులో రాసుకున్న.

ఆయనకు మాత్రం "దానంతట అదే అయింది" అని చెప్పిన.

నిరుడు ఆయన స్కూటర్ మీదికెళ్లి పడ్డడు. నడుము పోయింది. కూసోరాదు. వీపు మీద పుండ్లు, వెల్లకిల పండుకోరాదు. ఎప్పుడు చూసినా కుడిపక్కకే.

మంచం పక్కన కంప్యూటర్ పెట్టినం. పండుకొని చూస్తే అక్షరాలు అడ్డం. గారోజు అరగంట కార్డుకైతే నడిచింది గాని, రోజంతా అట్ల చదివితే తల తిరిగి కక్కుకునేటోడు.

అమ్ముదామనుకున్నరు. కొనేటాయన సాయంత్రం వస్తనన్నడు.

నేను పోయేసరికి సువర్ణ వైర్లు చుడుతున్నది.

"కంప్యూటర్ గూడ పోతే నేను ఈ మంచం మీద సామానే గద రాజన్నా" అన్నడు దేవదానం. కండ్లు మూసుకొనే అన్నడు.

అప్పుడు నోట్‌బుక్కు యాదికొచ్చింది.

వైర్లు మళ్లా పెట్టిన. కంట్రోల్, ఆల్ట్, కింది బాణం. స్క్రీన్ నల్లగైంది. తలకిందులుగ వచ్చింది.

"ఖరాబు చెయ్యకు అన్నా, ఆయన వచ్చే టైమైంది" అన్నది సువర్ణ.

ఎడమ బాణం. మళ్లా నల్లగైంది.

"ఉల్టా ఉంది" అన్నడు దేవదానం.

బయట గేటు చప్పుడైంది.

ఇంకొక్కటే బాణం మిగిలింది. ఒత్తిన.

దేవదానం స్క్రీన్‌ను చానాసేపు చూసిండు. తర్వాత నన్ను చూసిండు.

"అది సక్కగైంది. ఇప్పుడు నువ్వే అడ్డం కనబడుతున్నవ్."

ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకొని, "అయితే గారోజు ఒత్తింది నువ్వేనా, దొంగా!"

ఆరోజు నుంచి నా పేరు అదే.

కొనేటాయన వాకిట్లోకి వచ్చిండు. దేవదానం లోపల్నుంచే కేకేసిండు: "పెండ్లి కార్డు ఉంటె లోపటికి రా. లేకుంటె చాయ్ తాగి పో!"

కుడిచెయ్యి ఒంటి కిందనే ఉండె. ఏడాది పైన ఒక్క ఎడమచేత్తో కార్డులు కొట్టిండు.

నిన్న సాయంత్రం మట్టి చేసినం. మూత పెట్టేముందు శవపెట్టెలో చూసిన. ఇన్ని రోజులకు వెల్లకిల పండుకున్నడు.

ఇయ్యాల గురువారం. ముసురు అట్లనే ఉంది. ఆయన మంచం పక్కన కూసోని ఆయన కంప్యూటర్ మీదనే రాస్తున్న.

మాక్లూర్ వాళ్ల పెండ్లి కార్డు సగంలో ఆగి ఉండె. సాయంత్రం వస్తరు. ముందుగాల అది పూర్తి చేసిన. మెడ వంచి, గారోజు ఆయన వంచినట్టే.

"సక్కగ తిప్పుకో అన్నా, మెడ పడుతుంది" అన్నది సువర్ణ.

తిప్పాలె. కంట్రోల్, ఆల్ట్ మీద వేళ్లు పెట్టిన. పై బాణం మీద వేలు పోలేదు. అట్లనే ఉంచిన.

దేవదానం, ఇగ ఏ పక్కకైనా పండుకో. నొప్పి లేకుండ పండుకో.