రొట్టెలపిల్ల, దర్జీ పెద్దమ్మ మెడ

రొట్టెలపిల్ల పిండిలోకి దించినట్టు రెండు బొటనవేళ్లూ మెడలోకి దించేసరికి, మర్దన బల్లమీద బోర్లా పడుకున్న దర్జీ పెద్దమ్మ కెవ్వుమంది.

"ఓసి నీ చెయ్యి పడ! నన్ను రొట్టె చేసి పొయ్యిలో పెడతావా ఏంటే?"

తప్పు అలవాటుది. మొన్నమొన్నటిదాకా ఆ చేతులు బేకరీలో పిండి పిసికినవే. మర్దన నేర్చుకున్నాక ఒంటరిగా పట్టిన మొదటి మెడ ఇది. కుదిరితే సొంత బల్ల ఇస్తారు, కుదరకపోతే మళ్లీ తువ్వాళ్లు ఉతకడమే. పని నేర్పిన టీచరమ్మ తెర అవతల దగ్గింది.

రొట్టెలపిల్ల నొక్కడం మానేసి అరచేయి ఊరికే ఆనించి ఉంచింది. పిండి మొండికేస్తే బలం పెంచాలి, కండ మొండికేస్తే తగ్గించాలని చేతులకే తెలిసొచ్చింది. పెద్దమ్మ ఊపిరి వదిలినప్పుడల్లా వేలు కాస్త కాస్త లోపలికి దిగింది. మెడలో బిగుసుకున్న ముడి వెన్నలా కరిగింది.

"చక్కిలిగింతే తల్లీ!" పెద్దమ్మ కిసుక్కుమంది. ఆ నవ్వు రొట్టెలపిల్లకూ అంటుకుంది. ఇద్దరి నవ్వులకూ బల్ల కిర్రుకిర్రుమంది.

లేచి కూర్చున్న పెద్దమ్మ తల అడ్డంగా ఊపసాగింది. తెర తీసిన టీచరమ్మ మొహం మాడిపోయింది.

"తగ్గలేదాండీ?"

"తగ్గలేదని ఎవరన్నారు? వారంనుంచి తిరగని మెడ తిరుగుతోందమ్మా! కాస్త తిప్పుకోనీ!"

టీచరమ్మ పకపకా నవ్వి కిటికీ పక్క బల్ల చూపించింది. "రేపట్నుంచి అది నీదే."

రొట్టెలపిల్లకు కాళ్లు నేలమీద ఆనలేదు. పెద్దమ్మను నడిపించుకెళ్లి, బయట కాచుకున్న కోడలికి అప్పగించింది.

"ఇదిగో అక్కా, మీ అత్తగారు. మెడ రెండువైపులా తిరుగుతుంది. ఇక మీరేం చేసినా కనిపిస్తుంది, జాగ్రత్త!"