జేబులో ఉండిపోయిన చీర అంచు

నలభై ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూస్తే తులం కూడా తూగదు. జానెడు చీర ముక్క. దాన్ని మీ ముందు పెట్టేలోపు ఒక గొప్ప చెప్పుకోనివ్వండి, అలవాటు చావదు: పాకాల చుట్టుపక్కల నూరు మంది బిడ్డలు నా జట్కా చలవతోనే సుఖంగా భూమ్మీద పడ్డారు. ఏరు పొంగి గుర్రం మెడదాకా నీళ్లొచ్చిన రోజున కూడా కాసింబీని ఒడ్డు దాటించి కాన్పు ఇంటికి చేర్చింది నేనే.

నూరు కాదు. పదో, పన్నెండో. నీళ్లు గుర్రం మోకాలికి కూడా రాలేదు.

కాసింబీ మంత్రసాని కాదు. బిడ్డను దించే పని వేరేవాళ్లది. పదహారు, పదిహేడేళ్లకే కడుపుతో ఉన్న పిల్లల వెనక కూర్చుని, వాళ్ల వీపును తన ఎదకు ఆనించుకుని, నడుము నిమురుతూ, నొప్పి వచ్చినప్పుడల్లా వాళ్లతో పాటు తానూ ఊపిరి తీసి వదలడం ఆమె పని. పురుడయ్యాక పది రోజులు వచ్చి, బిడ్డకు పాలు పట్టడం నేర్పేది. తన తొలికాన్పు పదిహేనో ఏట, ఎవరూ లేని గదిలో జరిగిందట. అందుకే ఏడో నెల రాగానే ప్రతి పిల్లకూ తన పాత ఆకుపచ్చ చీర అంచు చింపి ఒక ముక్క ఇచ్చేది. నొప్పులు మొదలైతే అది తిరిగి పంపాలి. చేతికి అందిందంటే పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చేది. ఆ ముక్కను తెచ్చే మనిషిని నేను. ఆ ఊళ్ల మధ్య తిరిగే జట్కా నాదే.

ఈశ్వరికి అప్పుడు పదహారేళ్లు. తల్లి లేదు. మొగుడు బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లో కాపలా. ఒక పొద్దున అటుగా పోతున్న నా బండిని ఆపించి, గడప పట్టుకుని నిలబడి, ఆ ముక్కను తనే నా చేతిలో పెట్టింది.

"అన్నా, బిన్నా పో. ఆయమ్మ వచ్చిందాకా బిగబట్టుకోనుంటా."

"నువ్వు కన్ను మూసి తెరిసేలోపల తెచ్చి దింపుతా పాపా," అన్నాను.

అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పాకాల స్టేషను ముందు టీకొట్టు. కాట్పాడి రైలు అప్పుడే వచ్చి ఆగింది. ఇంజను పొగలో మామిడిపండ్ల వాసన.

"ఏమప్పా, వీళ్లకు ఆ ఏటి కత తెలీదంట. రోంత సెప్పిపో," అన్నాడు టీకొట్టు మనిషి.

దిగాను. ఎందుకు దిగాను? దాహమా? కాదు. ఆ కథ ఇంకా వినని చెవులు కనబడ్డాయి, అంతే. చెబుతూ ఉంటే నీళ్లు గుర్రం మోకాలి నుంచి పొట్టకు, పొట్ట నుంచి జూలుకు ఎక్కాయి. ఇట్లాంటి గుడ్డే ఆ రోజు కూడా వచ్చిందంటూ ఈశ్వరి ముక్కను జేబులోంచి తీసి గాల్లో ఊపాను. సాక్ష్యానికి. మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాను. కొత్తవాళ్లు వస్తే మొదటినుంచీ ఎత్తుకున్నాను. ఒక గంట. అంతే. కాసింబీ ఇల్లు అక్కడికి రెండు వీధులే.

అప్పుడు భయం వేసింది. ఇంతసేపు ఏం చేశావని అడిగితే ఏం చెప్పను? ఈపాటికి కాన్పు అయిపోయే ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, ఒట్టి బండిని వెనక్కి తిప్పాను. అయిపోయింది. మగబిడ్డ. ఏడవలేదు. పేగు మెడకు చుట్టుకుందని మంత్రసాని అంది. కాసింబీ ఇంటికి తాళం వేసి ఉందని నేను అన్నాను. ఈశ్వరి నా వైపు చూడలేదు.

వారం తర్వాత కాసింబీ నా బండి ఆపింది.

"ఈశ్వరి గుడ్డ పంపలేదా అప్పా? నన్ను వద్దనుకున్నిందా?"

పంపలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆ అబద్ధానికి నోరు కూడా విప్పనక్కర్లేకపోయింది.

మాట ఇచ్చి రాలేదని కాసింబీకి పేరొచ్చింది. మెల్లగా పిలుపులు తగ్గాయి. తర్వాత ఎందరు పిల్లలు వెనక ఎవరూ లేకుండా కన్నారో, వాళ్లను నేను లెక్కపెట్టలేదు. కాసింబీ పోయి చాలా ఏళ్లయింది. ఆ పిల్ల తనను వద్దనుకుందనే అనుకుంటూ పోయింది.

ఆమె వచ్చి ఉంటే బిడ్డ బతికేదా? తెలియదు. ఈ ప్రశ్న చాటున ఎన్నేళ్లు దాక్కున్నానో. బతకకపోయినా, ఆ పొద్దు ఆ పిల్ల వీపుకు ఆనుకుని ఒక మనిషి ఉండేది. అది మాత్రం తెలుసు.

ఈమధ్య ఒక కల వస్తోంది. గుర్రం నడుస్తుంది, గిట్టల చప్పుడుండదు. పాకాల దారంతా నీళ్లు. నేను కల్పించిన ఏరే. మోకాలికి, పొట్టకు, జూలుకు, నేను చెప్పిన వరసలోనే మెత్తగా పైకి వస్తుంది. అవతలి ఒడ్డున పచ్చగా ఏదో ఊగుతుంది. జేబు తడుముకుంటే తడి.

పోయిన నెల ఈశ్వరి ఇంటికి వెళ్లాను. ఆమెకు ఇప్పుడు మనవరాళ్లు. ముక్కను ఆమె ముందు పెట్టి, మీకు చెప్పినట్టే చెప్పాను. టీకొట్టు, ఏటి కథ, గంటసేపు, రెండు అబద్ధాలు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. చెప్పేశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా దిగింది. ఆమె ఆ ముక్కను ముట్టలేదు. గడప వైపు చూసింది.

"గంటేందన్నా? నువ్వు పోయేటప్పుడు ఎండ ఆ గడప మీదుండె. నువ్వొచ్చేతలికి పెరట్లోకి పోయింది. అది యాడాడ పాకిందో నాకు తెలుసు. ఆ పొద్దంతా దాన్నే సూస్తా పండుకోనుంటి."