వాదన తేలిన ఆదివారం

మా ముగ్గురి వాదన ఒక కోటు గురించి.

మేం కుర్రవాళ్ళుగా ఉన్నప్పటి నుంచీ వస్తూనే ఉన్న ఇంగ్లీషు గూఢచారి సినిమాల వరుస ఒకటుంది. హీరోలు ముసలివాళ్ళై తప్పుకుంటారు, కొత్తవాళ్ళు వస్తారు. గూఢచారి మాత్రం అతనే. ఆ సినిమాల పేర్లు అప్పట్లో మాకు నోరు తిరిగేవి కావు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. రైలు బొమ్మ, మంచు బొమ్మ, ద్వీపం బొమ్మ, ఇలా. తర్వాత అసలు పేర్లు తెలిసినా వాడలేదు.

ద్వీపం బొమ్మలో హీరో నల్ల కోటుతో పడవ మీంచి సముద్రంలోకి దూకుతాడు. ఈదుకుంటూ ఒడ్డుకు చేరి, తిన్నగా విలన్ ఇంట్లోకి నడిచిపోతాడు. కోటు మీద చుక్క తడి ఉండదు. సినిమా తీసినవాళ్ళు మరిచిపోయి ఉంటారు. కానీ మా జీవితంలో సగం ఆదివారాలు ఆ చుక్క తడి కోసమే ఖర్చయ్యాయి.

ద్వీపం బొమ్మను నెత్తిన పెట్టుకున్నవాడు సేఠ్. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య ఒక సందులో వైర్లూ స్విచ్చులూ అమ్మే దుకాణం ఆయనది, అందుకే అందరికీ సేఠ్. రైలు బొమ్మ పక్షం సారుది. కోస్తా నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయి, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే బైబిలు సంచి చంకన పెట్టుకుని నేరుగా దుకాణానికి వచ్చేవారు. నేను పంజాగుట్ట నుంచి నడిచి వచ్చేవాణ్ణి. ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరైనవాణ్ణి. నాకు నచ్చిన సినిమాలో హీరో పై అధికారి ముందు నిలబడి చివాట్లు తింటాడు. దానికి ఆఫీసు బొమ్మ అని పేరు పెట్టింది సేఠే.

"నువ్వు గుమాస్తవు భాయ్. గూఢచారి సుత సెలవు చీటి రాస్తెనె నీకు ఖుషీ" అనేవాడు.

దుకాణం షటరు సగం ఎత్తి, వైరు చుట్టి వచ్చే పెద్ద చెక్క చక్రాన్ని పడుకోబెట్టి బల్లలాగా వాడుకునేవాళ్ళం. దాని మీద మూడు చాయ్ గ్లాసులు. బయట ఫుట్‌పాత్ మీద కోచింగ్ కరపత్రాలు పంచే కుర్రాళ్ళు పోయేవాళ్ళ చేతుల్లో కాగితాలు కుక్కుతుండేవాళ్ళు. మాకు ఒక్కటీ ఇచ్చేవాళ్ళు కాదు.

"ఉన్ని కోటండీ అది. ఉన్ని నీళ్ళు ఎంత పీలుస్తుందో తెలుసా మీకు? మనిషిని కిందికి లాగేస్తుంది" అని సారు మొదలుపెట్టేవారు.

"గదే సారూ హీరో అంటె. తడిస్తె నువ్వు, నేను. ఆయనెందుకు తడుస్తడు?"

"నీళ్ళకు హీరో అని తెలుస్తుందా ఏంటి?"

"తెలుస్తది. నీ కెమిస్ట్రీకి తెల్వది గంతె."

మొదట్లో పొద్దున్నాటలకు వెళ్ళినప్పుడు మా ముగ్గురిలో ఇంగ్లీషు అర్థమయ్యేది సారుకొక్కరికే. చీకట్లో మా చెవుల్లో గుసగుసగా తెలుగు చెప్పేవారు. హీరో ఏదైనా కొంటె మాట అంటే, హాలంతా నవ్వుతుంటే, "అది చెప్పకూడదండీ" అని ఊరుకునేవారు. వేరే ఏదో కల్పించి చెప్పి ఉండవచ్చు. అలా చేసేవారు కాదు. ఆయన నోట నేను అబద్ధం విన్న గుర్తు లేదు. "నిజం చెప్పడు, అబద్ధం చెప్పడు, గీయనతోని సిన్మ ఎట్ల చూడాలె భాయ్" అని సేఠ్ తల పట్టుకునేవాడు.

నేను రోజూ డైరీ రాస్తాను. ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఉన్న అలవాటు. ఆదివారం పేజీ చివర ఎప్పుడూ ఒకటే మాట: తేలలేదు. అది సేఠ్‌కు తెలుసు. లేచి వస్తుంటే వెనకనుంచి అరిచేవాడు. "తేలలే అని రాయి భాయ్. తేలితె మల్ల వచ్చే ఐతారం మనకేం పని?"

కిందటి వానాకాలంలో సేఠ్ బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడుచుకోవడం చూశాను. చాయ్ సగంలో వదిలేసేవాడు. గ్యాస్ అన్నాడు. తర్వాత సోమాజిగూడలో ఆసుపత్రిలో చేర్చారని తెలిసి సారూ నేనూ వెళ్ళాం. ఆయన భార్య, మేం వదిన అంటాం, వార్డు బయట నిలబడి ఉంది. చేతిలో ఆయన చెప్పులున్నాయి.

"తేలిందన్నా" అంది.

ఆ మాట ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు.

"కడుపులనె ఉన్నదట. కాలేయానికి సుత పాకిందట. కోసెతందుకు లేదన్నరు." కొంగుతో నోరు తుడుచుకుంది. "ఆయనకు పేగుపుండు అని చెప్పినం. మీరు సుత గంతనె అనుండ్రి. మా మామకు గిట్లనె అయితె డాక్టరు మొఖం మీదనె చెప్పిండు. ఇన్న దినం గోడ దిక్కు తిరిగి పన్నడు మా మామ. బువ్వ ముట్టలే, మాట్లాడలే. మల్ల లేవనే లేదు. ఈయన సుత గట్లనె చేస్తడు. నాకెర్కే. తెల్వకుంటె గిన్ని దినాలన్న తింటడు, తిరుగుతడు."

సారు ఇబ్బందిగా అన్నారు. "నాకు అబద్ధం చెప్పడం రాదమ్మా."

"అబద్ధం ఎవ్వలు చెప్పమన్నరు సారూ? మీరు ముగ్గురు కూసుంటె సిన్మల లొల్లే గద. గదే పెట్టుకోండ్రి. దుకాన్ల గలాట అయితుంటె నేను మీదికెల్లి ఇంటుంట. గప్పుడు ఆయన మంచిగున్నట్టె అనిపిస్తది నాకు."

వాళ్ళ ఇల్లు దుకాణం పైనే.

సేఠ్ ఇంటికొచ్చాక ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఎప్పటికంటే గట్టిగా అరుచుకున్నాం. పై అంతస్తులో వదిన వింటూ ఉంటుందని సారుకూ తెలుసు, నాకూ తెలుసు. సారు ఒక రోజు పాత ఉన్ని గుడ్డ ముక్క తెచ్చి చాయ్ గ్లాసు పక్కన నీళ్ళలో ముంచి పిండి చూపించారు. సేఠ్ ఆ ముక్కను వేళ్ళతో పట్టుకుని ఎత్తి, "గిది నీ కోటు సారూ, హీరోది కాదు" అన్నాడు. హాస్టలు పిల్లలు నడుస్తూ ఆగి చూశారు. ఆ పూట సేఠ్ రెండు ఇడ్లీలు తిన్నాడని వదిన మెట్ల మీంచి సైగ చేసింది. పేగుపుండే అయి ఉంటుందేమోనని నడుస్తూ నేను కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను.

తర్వాత ఆదివారాల్లో ఆయన చొక్కా భుజాల మీంచి జారిపోతూ కనిపించేది. కళ్ళలో పసుపు దిగింది. "కామెర్లు. పసరు మందు తాగుతున్న" అన్నాడు. మేం తలలూపి రైలు బొమ్మ ఎత్తుకున్నాం.

ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి సేఠ్ హుషారుగా ఉన్నాడు. వరుసలో వచ్చే కొత్త సినిమా గురించి ఎవరో చెప్పారట.

"కొత్త హీరో ఎవ్వలో ఇంక చెప్తలేరు. బొమ్మ పడనియ్యి, ముగ్గురం పొద్దున్నాటకే పోదాం. బాల్కనీ వద్దు. కిందనె కూసుందాం, ఎనకటి లెక్క. సారు చెవుల చెప్తడు."

నేను చాయ్ గ్లాసులోకి చూశాను. ఆ సినిమా ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆయనకు ఎక్కువ కాలం లేదని మా ఇద్దరికీ తెలుసు.

"ఏం సారూ, సప్పుడు చేస్తలేవు? కొత్తాయన కోటు సుత తడవది. రాసిపెట్టుకో."

ఇక్కడ సారు, నీళ్ళకు హీరో అని తెలుస్తుందా ఏంటి, అనాలి. ఎప్పుడూ అనేవారు. సేఠ్ అప్పటికే జవాబు నోట్లో పెట్టుకుని, వేలు ఎత్తి సిద్ధంగా కూర్చున్నాడు.

సారు బైబిలు సంచి జిప్పు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతున్నారు. "తడవకపోవచ్చు లెండి సేఠ్ గారూ" అన్నారు. "మీరన్నదే కరెక్టు. అన్నిట్లోకీ ద్వీపం బొమ్మే మంచిది."

సందు చివర మెట్రో రైలు పోయింది. సేఠ్ వేలు అలాగే గాల్లో ఉంది. మొదట నవ్వబోయాడు. తర్వాత సారు ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత నా ముఖంలోకి చూశాడు. అలా చూసినప్పుడు నేను ఏం చేసి ఉండాలో ఇప్పటికీ తెలియదు. తల దించుకున్నాను.

"ఎన్ని దినాలన్నరు?" అన్నాడు.

సారు జిప్పు లాగడం ఆపేశారు.

"భాయ్, నిన్నే."

"ఏంది?" అన్నాను.

"నీకు యాక్టింగ్ రాదు భాయ్, ఊకో." వేలు దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. "గిన్ని గూఢచారి బొమ్మలు చూసిండ్రు. ఒక్క ముచ్చట దాచనీకి రాదా మీకు?"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. "అబద్ధం కాదండీ. నిజంగానే మంచి సినిమాయేనండీ అది" అన్నారు.

"గింత పెద్ద అబద్ధం ఎన్నడు చెప్పలే నువ్వు."

కోపంగా అనలేదు. పాత ఆటపట్టింపు గొంతుతోనే అందామని చూశాడు. లేచి షటరు కొక్కేనికి చేయి వేశాడు. అది కిందికి రాలేదు. నేను పక్కన నిలబడి లాగాను. మెట్ల మీద వదిన నిలబడి ఉంది. గలాటా ఆగిపోయింది కదా, అందుకే దిగి వచ్చింది.

ఆ సాయంత్రం డైరీ తెరిచాను. తేలలేదని రాస్తే అబద్ధం. రెండో మాట రాయడానికి చేయి రాలేదు. వాన కురిసిందని రాసి మూసేశాను.

మర్నాటి నుంచి సేఠ్ కిందికి దిగలేదు. భార్యను ఏమీ అడగలేదట. అది ఆమెకు మరీ భయమైంది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. సారు ఒకసారి మెట్లెక్కి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని పెదవులు కదిలించి, వచ్చేశారు. ఆ తర్వాత వెళ్ళలేదు. సాయంత్రాలు నాకు ఫోన్ చేస్తారు. "ఆయన ఏమైనా తిన్నారా?" అని అడుగుతారు. లేదంటాను. "నా వల్లేనండీ" అంటారు. కాదంటాను. ఆ సంభాషణ కూడా రోజూ ఒకేలా ఉంటుంది.

నేనొక ఉపాయం పన్నాను. ఒప్పుకోవడం వల్ల పాడైంది కాబట్టి మళ్ళీ కాదంటే సర్దుకుంటుందనుకున్నాను. తర్వాతి ఆదివారం పంజాగుట్ట ఫ్లైఓవరు దాటి మెట్రో స్తంభాల నీడన నడుస్తూ మాటలు వల్లించుకున్నాను. మంచం పక్కన కుర్చీ లాక్కుని మొదలుపెట్టాను.

"ఏమన్న అను భాయ్, ద్వీపం బొమ్మ అసుంటి చెత్త బొమ్మ ఇంకోటి లేదు. మొత్తం వరుస పరువు తీసింది. గా కోటు ముచ్చట ఒక్కటి సాలు."

సేఠ్ కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు. పెదవి ఒక పక్కకు కదిలింది.

"మంచిగ చేస్తున్నవ్ భాయ్. మొన్నటికంటె మంచిగ" అన్నాడు.

ఇంకేం అనను? ఆ రోజు సారు అవునన్నది జాలితోనే. ఇప్పుడు నేను కాదన్నదీ జాలితోనే. అది ఆయనకు తెలుసు. మా మధ్య ఉన్న మాటలన్నీ ఈ రెండింటిలోనే ఉండేవి, రెండూ పనికిరాకుండా పోయాయి. వదిన చాయ్ తెచ్చింది. తాగాను. ఎండ గురించి మాట్లాడాను. మేం ముగ్గురం ఎన్నడూ ఎండ గురించి మాట్లాడుకోలేదు.

పోయిన ఆదివారం వదినే ద్వీపం బొమ్మ టీవీలో పెట్టింది. తెలుగు మాటలు అతికించిన సినిమా. కూతురిని ఫోనులో అడిగి ఎలా పెట్టాలో తెలుసుకుందట. పళ్ళెంలో పెరుగన్నం మెత్తగా కలిపి చేతిలో పట్టుకుని, ఆయనకు ఎదురుగా మంచం అంచున కూర్చుంది. సినిమా చూస్తూ రెండు ముద్దలు తింటాడని ఆశ. మొదటి ముద్ద తిన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు ఇడ్లీలు తిన్న రోజు మెట్ల మీంచి చూసినట్టే ఉంది.

తెర మీద పడవ వచ్చింది. హీరో నల్ల కోటు గుండీ పెట్టుకుని నీళ్ళలోకి దూకాడు.

"తడుస్తది భాయ్" అన్నాడు సేఠ్.

వినపడక వంగాను. "ఏది?"

"కోటు. ఎవ్వలిదైన తడుస్తది."

ఆ మాట ఆయన నోట అనిపించడానికే ఇన్నేళ్ళూ సారూ నేనూ గొంతులు చించుకున్నాం. హీరో అప్పుడే ఒడ్డుకొచ్చి ఇసుక మీద నడుస్తున్నాడు.

"లే లే, చూడు, తడవలే" అన్నాను తెర వైపు చేయి చూపిస్తూ. "నువ్వన్నట్టే ఉన్నది. చుక్క తడి లేదు. జర చూడు భాయ్."

నిజంగానే తడవలేదు. ఈసారి నేను నటించలేదు. కానీ ఆయన తెర వైపు చూడటం లేదు.

"బంద్ చెయ్యమను" అన్నాడు.

వదిన రెండో ముద్ద చేతిలోనే పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత దాన్ని పళ్ళెంలో పెట్టి, లేచి, టీవీ ఆపింది. ఆమె తిరిగి వచ్చేసరికి సేఠ్ గోడ దిక్కు తిరిగి పడుకుని ఉన్నాడు.