చదివేవాళ్ళు ఒకరు, నొక్కేవాళ్ళు ఒకరు

మహర్నవమి మరుసటి పొద్దున మా సార్ పోయారు. నేను జమ్మలమడుగులో మా ఇంటి ముందు ముగ్గు వేస్తుంటే సార్ భార్య ఫోన్ చేశారు. నేను ఆమెను అమ్మగారనే పిలుస్తాను. "సార్ ల్యాడు పాపా. కాఫీ కలిపి పిలిస్తే పలకల్యా" అన్నారు. ముగ్గు గిన్నె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. తేరుకోకముందే ఇంకో ఫోన్, పంప్‌హౌస్ ఆపరేటర్ మస్తాన్. "మేడం, పంపు లేయడంల్యా. కంప్యూటర్ పెట్టె లైటు వెలుగుతాంది గానీ అట్లే నిలబడిపోయింది. కాలనీకి నీళ్ళు పోల్యా."

ఆ కాలనీలోనే సార్ ఇల్లు. రిజర్వాయరు నీళ్ళలో ఊరు మునిగినాక కొండాపురం దగ్గర కట్టిన కాలనీ అది. అక్కడ కుళాయే దిక్కు. సార్ చివరి స్నానానికి నీళ్ళు రావాల్సిందీ ఆ కుళాయిలోనే. ఆ పంపుల కంప్యూటర్లను బాగు చేసే ఉద్యోగం నాది. నేర్పింది సారే.

సార్ ప్రొద్దుటూరులో డిప్లమో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. కొత్తవాటి మీద ఆయనకు పెద్ద మోజు లేదు. ఫ్యాక్టరీల్లో, పంప్‌హౌసుల్లో మూలన పడి పనిచేసే పాత కంప్యూటర్ బోర్డులంటే ప్రాణం. వాటికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు, ఎదురుగా కూర్చునే మనిషీ ఉండడు. కరెంటు రాగానే తమంతట తాము లేచి మిషన్‌ను నడిపించాలి. ఎలా లేవాలో చెప్పే సెట్టింగులు బోర్డు కడుపులోనే ఉంటాయి. అవి చెదిరితే మంచి బోర్డు కూడా మొద్దులా నిలబడిపోతుంది. "ఏం ల్యా, దానికి లేయడం మతికి ల్యా" అనేవారు సార్. దానికి లేవడం గుర్తులేదన్న ఆ మాట అంటూనే జేబులోంచి బొరుగులు తీసి నోట్లో వేసుకునేవారు. బోర్డు ముట్టే ముందు మాత్రం చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరబెట్టుకుని కూర్చునేవారు, పెండ్లి భోజనానికి కూర్చున్నట్టు.

ఆయన పేరు చెబితే పులివెందుల పాల కేంద్రం వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. అక్కడ ఏటా ఆయుధ పూజ కాగానే మిషన్ మొరాయించేది. గుమ్మడికాయ తూర్పు వైపు కొట్టాల్సింది పడమర కొట్టారని మేనేజరు, కాదు కాదు వాడిపోయిన నిమ్మకాయ కట్టారని వాచ్‌మన్, ఒకటే తగువు. సార్ ఇద్దరి వాదనా శ్రద్ధగా విన్నారు.

"గుమ్మడికాయ తప్పేం ల్యాదప్పా. ఏడాది పొడుగునా కరెంటు ఇచ్చి, పూజనాడు అన్ని స్విచ్చులూ ఆపుతాండారు. కరెంటు ల్యానప్పుడు సెట్టింగులు కాపాడేది ఈ బిళ్ళ. ఇది ఎప్పుడో సచ్చింది" అని బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని గోటితో పైకి లేపి చూపించారు.

"అయితే పూజ మానేద్దామా సార్?" అన్నాడు మేనేజరు.

"పూజ మాన్పించేది మన పని గాదు. బిళ్ళ మార్చేది మన పని." కొత్త బిళ్ళ పెట్టారు. బోర్డు మీద దిద్దిన కుంకుమ బొట్టును దూదితో తుడిచి, అదే బొట్టును పైమూత మీద దిద్దారు.

ఎవరైనా "కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ సెట్టింగులే పెడితే సరిపోదా సార్" అంటే మాత్రం కోపం వచ్చేది. "డిఫాల్ట్ అంటే కంపెనీవాడి కాపురం. ఆడ కీబోర్డు ఉంటాది, మనిషి ఉంటాడు. మన కాపురం వేరే" అనేవారు. డిఫాల్ట్ పెట్టిన బోర్డు లేస్తూనే ఆగి, కీబోర్డు లేదని తెలిసీ, కొనసాగాలంటే కీ నొక్కమని అడుగుతుంది. "తలుపుకు గొళ్ళెం ల్యాదు, గొళ్ళెం తీసి లోపలికి రా అన్నెట్టు" అని ప్రతి బ్యాచ్‌నూ నవ్వించేవారు.

నవ్వించని నియమం ఒకటుంది. చదివేవాళ్ళు ఒకరు, నొక్కేవాళ్ళు ఒకరు. ఒక్కరే రెండు పనులూ చేయకూడదు. తెర మీద ఉన్నది ఉన్నట్టు ఒకరు అక్షరాలు పలకాలి, ఇంకొకరు విని నొక్కాలి. "మన కన్ను మనకు కావాల్సిందే చదువుతాది పాపా" అనేవారు. ఉద్యోగంలో చేరినాక నేను ఫోన్‌లో చదివేదాన్ని, సార్ ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడైనా సరే, కళ్ళు మూసుకుని విని, ఏది నొక్కాలో ఆయనే చెప్పేవారు.

ఆ పొద్దున బంధువులు "ముందు ఇంటికొచ్చి సూసి పోమ్మా" అన్నారు. నేను పంప్‌హౌస్‌కే పోయాను. నీళ్ళు లేని ఇంటికి ఏడుస్తూ వస్తే సార్ తిట్టి ఉండేవారు. అందులో నాకు అనుమానం లేదు.

మస్తాన్ కూడా పూజకని అన్నీ ఆపి, తుడిచి, బొట్లు పెట్టాడు. బోర్డు మీది బిళ్ళ చచ్చి ఉంది. మార్చాను. తెర, కీబోర్డు తగిలించి సెట్టింగుల్లోకి పోయాను. ఏది ముందు, ఏది తర్వాత, నాకు కంఠోపాఠం. ఏ తప్పు కనిపిస్తే ఆగాలి అన్న చోట, కీబోర్డు ఒక్కటి తప్ప అన్నిటికీ ఆగమని, అంటే 'ఆల్ బట్ కీబోర్డ్' అని పెట్టాలి. పెట్టాను. సేవ్ చేయబోయాను.

అప్పుడు నియమం గుర్తొచ్చింది. మస్తాన్ కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు. "నువ్వు చదువు మస్తాన్" అన్నాను.

"ఆల్... బట్..." అని ఆగాడు. "డి. ఐ. ఎస్. కె."

"డి కాదు, మొదటి అక్షరం కే, చూడు."

"మొదట కే ల్యా మేడం. డి ఉండాది."

కళ్ళు తుడుచుకుని చూశాను. నిజమే. తెర మీది జాబితాలో ఒక మెట్టు ఎక్కువ దిగాను, కీబోర్డు బదులు డిస్క్ వచ్చింది. ఏడుపు నిండిన కన్ను తనకు కావాల్సిందే చదివింది. అలాగే సేవ్ చేసి కీబోర్డు పీకేసి ఉంటే, మళ్ళీ అక్కడే ఆగేది. అప్పుడు ఏడ్చాను, మస్తాన్ ముందే, గట్టిగా. ఆ తర్వాత అతను చదివాడు, నేను నొక్కాను. చివరికి కీబోర్డు పీకేసి కరెంటు ఇచ్చాం. బోర్డు ఎవరినీ ఏమీ అడగలేదు. పంపు అందుకుంది.

నేను కాలనీ చేరేసరికి కుళాయిలు గాలి చీదుతున్నాయి. ముందు ఎర్రనీళ్ళు వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. ఆడవాళ్ళు బిందెలు మోసుకుని సార్ ఇంటికి నడుస్తున్నారు. స్నానం చేయించడానికి వాకిట్లో బల్ల వేశారు. నన్ను చూడగానే అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ గోలలో కుళాయి కింద బిందె నిండి పొర్లుతున్న సంగతి ఎవరూ చూడలేదు. సార్ తల దగ్గర కూర్చున్న అమ్మగారు లేచారు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీయకుండానే నడిచి వచ్చి, రెండో చేత్తో కుళాయి కట్టేశారు.