నా నలభై రోజుల ఉపవాసం, పునుగులతో సహా

మా చర్చిలో ఈ మధ్య చాపలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఈ పని నాకు బొత్తిగా నచ్చలేదు. చాప మీద కూర్చున్న మనిషి ఎంతటివాడైనా సంఘంలో కలిసిపోతాడు. ప్రసంగం మధ్యలో గోడకు చేరగిలబడి కళ్లు మూస్తే ధ్యానంలో ఉన్నాడనుకుంటారు. కుర్చీ అలా కాదు. దానికి రెండు చేతులు, ఆ చేతుల మధ్య ఇంతే అని ఒక కొలత. ఆ కొలత మించినవాడు పాటకు లేస్తే కుర్చీ కూడా ఆరాధనలో పాల్గొంటుంది. మొన్న ఆదివారం నాతోపాటు నాది లేచింది. వెనక వరసలో ఎవరో దగ్గారు, అది దగ్గు కాదని నాకు తెలుసు. కమిటీవారికి ఈ విషయమై ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను గానీ, రాస్తే కారణం కూడా రాయాలి కదా అని ఊరుకున్నాను.

ఆ రోజుల్లో చాపలే. ఆ రోజులంటే మరీ తాతల కాలం కాదు, స్మార్ట్‌ఫోను అప్పటికే చేతికొచ్చి మనిషికి సలహాలివ్వడం మొదలుపెట్టిన కాలం. నాకు ఇరవై మూడేళ్లు, తొంభై నాలుగు కిలోలు. (ఈ రెండు అంకెల మధ్య ఉండవలసిన సంబంధం గురించి బీఎస్సీలో నాకెవరూ చెప్పలేదు.) మాది పెంటపాడు అయినా, చేపల మేత కంపెనీలో ఉద్యోగం రావడంతో వట్లూరులో మా పెద్దమ్మ ఇంట్లో మకాం పెట్టాను. ఉద్యోగం పేరు ఫీల్డ్ ఆఫీసరు. పని, మోటారుసైకిల్ మీద కొల్లేరు చెరువు గట్లన్నీ తిరిగి, మా మేత వేస్తే చేప ఎంత తొందరగా ఒళ్లు చేస్తుందో రైతులకు వివరించడం. నన్ను చూశాక చాలామంది ఆ మాట వెంటనే నమ్మేవారు. "మీ మేత మీరే తింటున్నారా ఏంటండీ?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు కూడా.

ఆ ఒకాయనే నా జీవితాన్ని మార్చాడు. చెరువు మధ్యలో గుంజలకు కట్టిన మేత సంచులు చూసి రావాలని ఒకరోజు ఆయన రేకు పడవలో కాలు పెట్టాను. ఒక కాలే. పడవ రెండో కొస లేచి ఆకాశం వైపు చూసింది. "తమరు గట్టు మీదే ఉండండి సార్! పడవలో మేత తడిసిపోద్ది," అని ఆయన కంగారుపడ్డాడు. నా గురించి ఆయనేమీ కంగారుపడలేదని గమనించాను. అంతటితో ఆగక, చేపలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టి, "తొంభై నాలుగండి. ఐసు లేకుండా," అని నలుగురికీ వినపడేలా చెప్పాడు.

ఆ సాయంత్రమే ఫోనులో ఒక యాప్ దించుకున్నాను. దాని సిద్ధాంతం చాలా ఉదారమైనది. ఏదీ మానక్కర్లేదు, రోజూ తినేవే తినవచ్చు. కాకపోతే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది వరకే తినాలి. మిగతా పద్దెనిమిది గంటలు మంచినీళ్లు. సరిగ్గా రెండింటికి గంట మోగించి 'మీ విండో తెరుచుకుంది' అనేది. అన్నం పిడికెడు, కూర పిడికెడు అని కొలత కూడా ఇచ్చింది. (నా పిడికిలి చిన్నది కాదు. దేవుడిచ్చింది, నేనేం చేస్తాను.) రెండింటికి చెరువు గట్టు మీద ఏ రైతు క్యారేజీలోంచో రెండు పిడికిళ్ల అన్నం, చేపల పులుసు. నాలుగింటికి ఏలూరు కాలువ గట్టున బండి దగ్గర పునుగులు. ఏడున్నరకు పెద్దమ్మ చేతి భోజనం. ఇంత సుఖమైన క్రమశిక్షణ నేను అంతకుముందు ఎరగను. ఒక్క పొద్దుటి పూట తప్ప నాకే లోటూ లేదు.

చిక్కంతా ఆ పొద్దుటి పూటతోనే వచ్చింది. యాప్ మొదలుపెట్టిన మర్నాడు పెద్దమ్మ పళ్లెంలో నాలుగు ఇడ్లీలు పెట్టి తెచ్చింది. నేను వద్దన్నాను. నేను తిండి వద్దనడం ఆ ఇంట్లో అదే మొదటిసారి కాబట్టి ఆమె పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రోజు భస్మ బుధవారమని, శ్రమకాలం మొదలైందని, నలభై రోజుల ఉపవాసాలు ఆ పొద్దుటి నుంచేనని నాకు తట్టనేలేదు. ఆమెకు తట్టింది.

"ఉపవాసమా నాయనా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్క కోసమేనా?"

నేను "ఊఁ" అన్నాను. నా జీవితంలో నేనాడిన అతి చిన్న అబద్ధం అది. అంతకంటే చిన్నది భాషలో లేదు.

అక్క అంటే పెద్దమ్మ ఒక్కగానొక్క కూతురు. ప్రైవేటు బళ్లో ఏడేళ్లు పాఠాలు చెప్పి, గవర్నమెంటు టీచరు పోస్టు కోసం డీఎస్సీ రెండుసార్లు రాసి, రెండుసార్లూ అంచు దాకా వచ్చి జారిపోయింది. ఈసారి ఆ ఉద్యోగం కూడా మానేసి చదువుతోంది. "ఇదే ఆఖరు. రాకపోతే ఇంక పుస్తకం ముట్టను," అని ముందే చెప్పేసింది, అన్న మాట మీద నిలబడే మనిషి. పెద్దమ్మ బళ్లో ఆయాగా చేసి రిటైరైంది. ముప్పై ఏళ్లు ఎవరి టేబుళ్లో, ఎవరి బోర్డులో తుడిచిన మనిషికి, కూతురు ఆ బోర్డు ముందు నిలబడి చాక్‌పీసు పట్టుకోవాలన్నది తప్ప ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

నా "ఊఁ" ఆ ఆదివారానికి చర్చికి చేరింది. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, "మన మధ్యనే ఒక యవ్వనస్థుడు, అక్క కోసం కడుపు కాల్చుకుంటున్నాడు," అన్నారు. చాపల మీద ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను తల వంచుకున్నాను, దాన్ని వినయమనుకున్నారు. అప్పుడే లేచి "అయ్యగారూ, ఇది యాప్ అండీ" అని ఉంటే అయిపోయేది. కానీ చిన్నప్పటి నుంచి ఏ సంఘంలోనైనా నన్ను చూసి నవ్వడమే గానీ మెచ్చుకోవడం ఎవరికీ అలవాటు లేదు. ఆ మెప్పు నాకు పునుగుల కంటే రుచిగా ఉందని ఒప్పుకోవాలి. వారాలు గడిచేకొద్దీ నేను చిక్కుతున్నాను కూడా. "ఉపవాస కళ ఎక్కడికి పోద్దండీ, మొహంలో కనపడతా ఉంది," అన్నారు అయ్యగారి భార్య, అమ్మగారు.

ఇంట్లో సంగతి వేరు. చిన్నవాణ్ణి నేను మాడుతుంటే తాను తింటుందా అని పెద్దమ్మ కూడా మొదలుపెట్టింది. ఆమెకు సుగరు. పొద్దున మాత్ర వేసుకుని, సాయంత్రం ప్రార్థన కూడిక అయ్యాక ఇచ్చే నాలుగు ఉడకబెట్టిన శనగలతో ఉపవాసం విడిచేది. ఇద్దరు ఉపవాసం ఉన్న ఇంట్లో పొద్దుటే పొయ్యి వెలిగిస్తే బాగుండదని టిఫిన్ కూడా మానేసింది. అంటే పొద్దున నాలుగింటికి లేచి చదివే అక్కకు పన్నెండింటి దాకా టీ ఒక్కటే. నేను బరువు తగ్గుదామనుకుంటే వీధి వాకిలి నుంచి పెరటి దాకా ఇల్లంతా తగ్గడం మొదలుపెట్టింది.

మూడో వారంలో నేను పట్టుబడ్డాను. కాలువ గట్టు బండి దగ్గర రెండో ప్లేటు మీద అల్లం చట్నీ వేయించుకుంటుంటే పక్కన ఎవరో, "చట్నీ కారంగా ఉందా?" అన్నారు. లైబ్రరీ నుంచి వస్తూ అక్క. నేను ప్లేటు దాచబోయాను. నిండు ప్లేటు దాచడానికి మనిషి దగ్గర ఎక్కువ చోట్లుండవు.

"అక్కా, ఇది... నాలుగింటికి తినొచ్చు. యాప్‌లో..."

"నాకు తెల్సురా. నీ ఫోను రెండింటికి గంట కొట్టడం మొదటి వారమే విన్నాను." నా ప్లేటులోంచి ఒక పునుగు తీసుకుంది. "బాబాయ్, ఇంకో ప్లేటండీ!" అని బండి ఆయనకు చెప్పి, మళ్లీ నా వైపు తిరిగింది. "ఆకలేస్తోందిరా నాకు. మూడు వారాల బట్టి పొద్దుటే కళ్లు తిరుగుతున్నాయి. ఈ భక్తి ఎప్పుడు దింపుతావు నువ్వు?"

"ఎలా దింపనక్కా? అయ్యగారు చర్చిలో చెప్పేశారు. పెద్దమ్మకి నిజం చెప్తే..."

"చెప్పకులే," అంది. "అమ్మ సంబరం పాడుచెయ్యకు. పరీక్ష రాసేది నేను, నీ కడుపు కాదు."

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి ఇద్దరం బండి దగ్గర కలిసేవాళ్లం. అక్క తింటూనే నా చేత బిట్లు అడిగించుకునేది. తప్పు చెబితే తన ప్లేటులోంచి ఒకటి నాకిచ్చేది, కరెక్టయితే నాది తీసుకునేది. నేను బరువు తగ్గడంలో యాప్ కంటే అక్క తెలివితేటలే ఎక్కువ పనిచేశాయని నా అనుమానం.

పరీక్ష అయిదో వారంలో, తాడేపల్లిగూడెంలో పడింది. బండి మీద దింపే పని నాది. ఆ పొద్దుట పెద్దమ్మ ప్రార్థనకు కూర్చోబెట్టింది. అందులో దేవుడు, మా వంశం, ప్రశ్నపత్రం తయారుచేసినవారు, దిద్దేవారు, కంప్యూటర్లు అందరూ వచ్చారు. బయల్దేరేసరికి అరగంట ఆలస్యం. భీమడోలు దాటాక రోడ్డు పక్కన ఒక టిఫిన్ హోటలుంది. పెనం మీద పెసరట్టు వాసన హైవే దాకా వస్తుంది.

"ఒరేయ్, పది నిమిషాలు ఆపగలవా?" అంది అక్క వెనక నుంచి.

ఇక్కడ నేను మెల్లగా రాయాలి. టైముంది. ఇరవై నిమిషాలు ముందే చేరేలా వెళ్తున్నాం. కానీ ఆ మధ్యాహ్నం నేను చెరువు గట్టున కాటా ఎక్కాలి. ఎనభై అయిదు తేలితే రైతుగారు పడవ ఎక్కనిస్తానన్నాడు. ఆ పెనం ముందు బండి ఆపి, అక్క తింటుంటే చూస్తూ నిలబడగలిగే మనిషిని కాదని నాకు తెలుసు. అందుకని, "నాకు కుదరదక్కా, విండో రెండింటికి," అన్నాను. ఆమె తన సంగతి అడిగితే నేను నా సంగతి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఇంకాస్త స్పీడు పెంచాను.

మధ్యాహ్నం కాటా మీద సరిగ్గా ఎనభై అయిదు. "తొమ్మిది కిలోలు తరుగండీ!" అని రైతుగారు స్వయంగా చెయ్యి పట్టి పడవ ఎక్కించాడు. పడవ కుదురుగా నిలబడింది. సంచుల దాకా వెళ్లి వచ్చాను. అక్కడ చూడవలసిందేమీ లేదు.

సాయంత్రం అక్కను తీసుకొస్తూ ఎలా రాశావని అడిగాను. "బానే రాశానురా. ఆఖర్న ఓ ఇరవై బిట్లు మాత్రం అన్నం మెతుకుల్లా కనపడ్డాయి," అంది. జోకనుకుని నవ్వాను. మా ఇంట్లో జోకులు వేసేది నేనే అన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

ఈస్టర్ నాడు అయ్యగారు నన్ను ఉపవాసం గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ముందు రాత్రంతా నిజం చెప్పేద్దామని మాటలు పేర్చుకున్నాను. లేచి నిలబడేసరికి ముందు వరస చాప మీద పెద్దమ్మ, చిక్కిన మొహంతో, చేతులు జోడించుకుని. "అందరూ మా అక్క కోసం ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నాను. హల్లెలూయ గట్టిగానే వినపడింది.

ఫలితాలు ఎండాకాలం చివర్లో వచ్చాయి. ఒక్క మార్కు తక్కువ. అక్క పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, అటక మీదికి అందించమని నాకిచ్చింది. అవి బరువుగా ఉన్నాయి. మర్నాడు పాత ప్రైవేటు బడికే వెళ్లి మళ్లీ చేర్చుకోమని అడిగింది. చేర్చుకున్నారు, కొత్తగా చేరినవాళ్ల జీతానికి.

ఆ వారంలో ఒకరోజు పెద్దమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని తోటకూర వలుస్తూ నన్ను దగ్గరికి పిలిచింది. "ఎవరికీ చెప్పకు నాయనా," అంది. "ఒకరోజు సుగరు పడిపోయి ఒళ్లంతా చెమటలు పోశాయి. పక్కింటావిడ బిస్కట్టు ఇస్తే తినేశాను. ఒకటే. అదేనేమో రా. నువ్వంత కఠినంగా చేశావు. నా ఒక్క బిస్కట్టు దగ్గర తేడా వచ్చిందేమో."

నేను అప్పటికి నలభై రోజుల్లో తిన్న పునుగులు లెక్కకు అందవు. పెద్దమ్మకు ఏం చెప్పానో చెబుదామని ఇప్పుడు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ పూట చేసిందల్లా ఆమె పక్కన కూర్చోవడమే. తోటకూర వలిచాను. మనిషికి ధైర్యం లేనప్పుడు చేతికి ఏదో ఒక పని దొరకడం గొప్ప అదృష్టం.

ఆ తొమ్మిది కిలోలు ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చాయి, వస్తూ వస్తూ చుట్టాలను కూడా తెచ్చుకున్నాయి. మొన్న డాక్టరుగారు కాగితం మీద ఏవో గీసి, నడుము చుట్టూ ఒక గుండ్రం చుట్టి, కళ్లజోడు పైనుంచి చూశారు. కొత్త యాప్ దించుకున్నాను. ఇది గంట కొట్టదు, చేతికి కట్టుకుంటే వణుకుతుంది. ఆ ఇరవై మూడేళ్ల వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు కాస్త నవ్వొస్తుంది. ఆకలిని జయించానని పడవలో నిటారుగా నిలబడిన ఆ కుర్రాడికి, పక్క మనిషి ఆకలి వినపడలేదు పాపం.

పోయిన శనివారం వట్లూరులో పెద్దమ్మ ఇంట్లో గృహ కూడిక. పెద్దమ్మకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, నన్ను చూస్తే మాత్రం పక్కవాళ్లకు, "మా వాడు నలభై రోజులు చేశాడండీ," అని ఇప్పటికీ చెబుతుంది. కూడిక అయ్యాక అక్క అందరికీ వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చింది. జుట్టు చెవుల దగ్గర నెరిసింది, ఇంకా అదే ప్రైవేటు బడి. పళ్లెంలో పులిహోర, పక్కన నాలుగు పునుగులు. నేను చేతికున్న వాచీ చూపించి, "నాకు వద్దక్కా, మళ్లీ డైటు మొదలుపెట్టాను," అన్నాను. అక్క పళ్లెం నా ఒళ్లో పెట్టేసింది.

"తినరా. నువ్వు తినకుండా ఉన్నందుకు ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు."