మా బావ ఆ రోజు క్లిప్పు పెట్టుకున్నాడు

ఈ ఆదివారం కూడా ఫోను రాలేదు. పద్నాలుగేళ్ళుగా ఆదివారం పొద్దున ఏడు కాకముందే పలమనేరు నుంచి మా బావ, అంటే మా అక్క భర్త, నాకు ఫోను చేసేవాడు. ఆవులు ఎన్ని పాలు ఇచ్చాయో, వాన పడిందో లేదో నిదానంగా, మాట మాటకూ ఆగుతూ చెప్పి, చివర్లో ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు. "యాడికన్నా పోతా ఉండావా అప్పా? హెల్మెట్ క్లిప్పు పెట్టుకో. నా మాదిరి చేసుకోవద్దు." నేను ఊ అనేవాణ్ణి. ఆ ఒక్క ఊ అన్నాక చాలాసేపటి వరకు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి అయ్యేది కాదు.

మా బంధువుల్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. గడ్డం కింద క్లిప్పు పెట్టుకోకుండా బండి నడిపి, పడినప్పుడు హెల్మెట్ ఊడిపోయి, మా బావ ఎడమ చేతి సత్తువా, జ్ఞాపకంలో కొంత భాగమూ పోగొట్టుకున్నాడని. ఆ కథ పుట్టించింది నేను. అది అబద్ధం. నాకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇంక దాన్ని మొయ్యలేను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మనం బండి నేర్చుకునే రోజుల్లో హెల్మెట్ అంటే పోలీసు కనబడితే నెత్తికెక్కి, మలుపు తిరగ్గానే ట్యాంకు మీదికి దిగే వస్తువు. మన నాయనలకు అదీ లేదు, తలకు తువ్వాలు చుట్టి, కాళ్ళకు తోలు చెప్పులేసుకుని, వెనక రెండు పాల క్యాన్లు కట్టుకుని ఘాట్ రోడ్డు దిగి వచ్చేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను తిరుపతిలో ఒక స్పేర్‌పార్టుల దుకాణంలో కౌంటరు మీద పనికి కుదిరాక, ఆదివారాలు బండ్లేసుకుని కొండల కింద మట్టి దోవల్లో తిరిగే ఆరేడుగురితో చేరాను. వాళ్ళందరికన్నా పెద్దవాణ్ణి, పైగా కంప్యూటరులో దొరికినదంతా చదివేవాణ్ణి. ఏ జాకెట్‌కు మోచేతుల దగ్గర గట్టి పలక ఉంటుంది, ఏ బూటు చీలమండను మడత పడనివ్వదు, మట్టి దోవకు పెట్టుకునే హెల్మెట్‌కు ముందు చూరులాంటిది ఎందుకు ఉంటుంది, తారు రోడ్డు మీద వేగంగా పోతే అదే చూరును గాలి పట్టుకుని మెడను ఎట్లా లాగుతుంది, ఇవన్నీ నన్నడిగి కొనుక్కునేవాళ్ళు. స్పేర్‌పార్టులు అందించే మనిషికి ఆ మర్యాద చాలా పెద్దదిగా ఉండేది.

ఆ రోజుల్లోనే మా బావ కొత్త బండి కొన్నాడు. అడవి అంచున ఉన్న పల్లెల నుంచి పాలు పోగుచేసే పని ఆయనది. సగం దారి తారు, సగం రాళ్ళూ ఇసుకా. అందుకని రెండింటికీ పనికొచ్చే ఎత్తయిన చక్రాల బండి తీసుకుని, దానికి తగిన సరంజామా అంతా నన్నే ఎంచి పెట్టమన్నాడు. అప్పటికి ఆయన తల చూడవలసిన తల. అంతకుముందు ఏడు మా మేనకోడలికి విషజ్వరం వచ్చి గండం గడిచింది, ఆమె లేచి తిరిగితే తల ఇస్తానని ఆయన మొక్కుకున్నాడు. ఏడాదిపాటు కత్తెర తగలని ఉంగరాల జుట్టు చెవులు దాటి మెడ మీదికి పడుతూ ఉండేది. శుక్రవారం తిరుపతికి వచ్చాడు. శనివారం కొండకు పోయి మొక్కు తీర్చుకోవాలి, ఆదివారం మాతోపాటు వడమాలపేట వైపు మట్టి దోవల్లోకి రావాలి. అదీ ఏర్పాటు.

శుక్రవారం సాయంత్రమే హెల్మెట్లు, జాకెట్లు అమ్మే దుకాణానికి తీసుకుపోయాను. ఎండాకాలం, పైన ఫ్యాను తిరుగుతున్నా లోపల ఆవిరి పట్టినట్టు ఉంది. గాలి ఆడే జాలీ జాకెట్ తొడిగించాను, మోకాళ్ళకు పలకలు కట్టించాను, పిక్కల దాకా వచ్చే బూట్లు వేయించాను. బావ ఆ బూట్లతో నాలుగు అడుగులు వేసి, "నాట్లేసే మడిలో దిగినట్టుండాది" అని నవ్వాడు. హెల్మెట్ దగ్గర నేను చాలాసేపు తీసుకున్నాను. తల అటూ ఇటూ ఊపితే చెంపల చర్మం కూడా దానితోపాటు కదలాలి, నుదుటికీ లోపలి మెత్తకూ మధ్య వేలు దూరకూడదు, పావుగంట పెట్టుకున్నా కణతలు నొప్పి పుట్టకూడదు. అన్నీ సరిపోయేదాకా మార్చి మార్చి చూశాను. క్లిప్పు టక్కుమని పడగానే బావ, "మా ఎద్దుకు పలుపు తగిలించినట్టు చేస్తివే" అన్నాడు.

దుకాణం పెద్దాయన బిల్లు రాస్తూ కొండకు ఎప్పుడు పోతున్నారని అడిగాడు. రేపు తల ఇచ్చేదానికేనని బావ చెప్పాడు. పెద్దాయన కలం ఆపాడు.

"అట్లయితే తక్కినవన్నీ తీసుకోండి, హెల్మెట్ మాత్రం కొండ దిగినాంక కొనండప్పా. ఇంత జుట్టు పోతే తల ఒక సైజు తగ్గతాది."

"జుట్టు మళ్ళీ పెరగదా సామీ? అప్పుడు ఇంకోటి కొనాలనా?" అన్నాను నేను.

"మా బామ్మర్ది అన్నీ సదివినాడులే సామీ," అన్నాడు బావ, నా భుజం మీద చెయ్యేసి.

పెద్దాయన చెప్పింది నాకు అర్థం కాలేదని కాదు. కొండ దిగేసరికి దుకాణం మూసేస్తారు, ఆదివారం తెరవరు. ఆ ఆదివారం మా వాళ్ళందరి ముందు, నేను నఖశిఖపర్యంతం ఎంచి తొడిగిన మా బావను నిలబెట్టి చూపించుకోవాలని నా ఆశ. అంతే. ఇంకే కారణమూ లేదు.

తిరుపతిలో బతికే మనకు గుండ్లు వింత కాదు. బస్టాండులో, టీ కొట్లలో, స్కూటర్ల మీద చందనం పూసుకున్న గుండ్లు ఎన్ని చూసి ఉంటాం. అయినా ఆదివారం పొద్దున బావ గుండు మీద పచ్చగా చందనం పూసుకుని మా ఇంటి ముందు నిలబడి హెల్మెట్ పెట్టుకుంటే నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వుతూనే, "నేను ఇటు తిరిగితే ఇది అటు చూస్తా ఉండాది. ఈ పొద్దుకు నీ పాతది ఏదన్నా ఉంటే ఇయ్యి" అన్నాడు. నా పాతది మా వాళ్ళలో ఒకడికి ఇచ్చాను, పోయి తీసుకురావడానికి అరగంట పట్టేది. ఆలస్యమవుతుందని, చేతిరుమాలు మడిచి నడినెత్తిన పెట్టుకొమ్మన్నాను. దానితో హెల్మెట్ బిగుసుకోకపోగా తల మీద ఇంకాస్త పైకి లేచింది. అది నాకు కనబడింది. బావ క్లిప్పు పెట్టుకున్నాడు. టక్కుమన్న చప్పుడు నేను విన్నాను.

వడమాలపేట దాటి తారు రోడ్డు వదిలాక, కొండ వైపు పోయే దోవలో ఎండిపోయిన వంక ఒకటి అడ్డం వస్తుంది. ఇసుక. నేను ముందు దాటాను. నా వెనకే బావ, మిగిలినవాళ్ళు ఇంకా చాలా వెనక. ఆయన ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి, మనిషి బండి మీదుగా ఎగిరి అవతలి గట్టు రాళ్ళ మీద పడ్డాడు. ఆ తర్వాత చూస్తే మోకాళ్ళకు గీత పడలేదు, మోచేతులకు దెబ్బ లేదు, చీలమండలు భద్రం. నేను ఎంచి పెట్టినవన్నీ వాటి పని అవి చేశాయి. తల ఒక్కటే రాయికి తగిలింది.

హెల్మెట్ నాలుగు బారల దూరంలో పడి ఉంది. బండి ఆపి పరుగెత్తిన నేను ముందు బావ దగ్గరికి పోలేదు. హెల్మెట్ దగ్గరికి పోయాను. ఈ మాట రాయడానికే ఇదంతా రాస్తున్నాను. దాని క్లిప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. గొళ్ళెం వేసిన గదిలోంచి మనిషి మాయమైనట్టు. లోపల నా చేతిరుమాలు చందనం అంటుకుని పచ్చగా ఉంది. వెనక బండ్ల చప్పుడు దగ్గరవుతోంది. నా వేళ్ళు క్లిప్పును నొక్కి విప్పేశాయి, రుమాలు జేబులో పెట్టుకున్నాను, ఆ తర్వాతే బావ పక్కన కూలబడి అరిచాను. వచ్చినవాళ్ళలో ఒకడు హెల్మెట్ ఎత్తి చూసి, క్లిప్పు పెట్టుకోలేదా అన్నాడు. నేను కాదనలేదు. ఆసుపత్రి వరండాలో అక్క అడిగినప్పుడు నా నోటితో నేనే ఆ మాట చెప్పాను.

బావ నలభై రోజులకు ఇంటికి వచ్చాడు. తలకు తగిలిన దెబ్బకు ఎడమ చెయ్యి పైకి లేవదు, పిడికిలి పట్టదు, మాట నిదానం, ఆ మూడు రోజుల్లో ఏం జరిగిందో ఏదీ గుర్తులేదు. కొండకు పోయింది కూడా అక్క ఫోటో చూపిస్తేనే తెలిసింది. ఆయనకు గుర్తులేని చోట నా అబద్ధం పోయి కూర్చుంది. ఒకసారి కూర్చున్నాక దాన్ని లేపే దారి నాకు కనబడలేదు. మొదటి నెల, ఆయన కోలుకోనీ అనుకున్నాను. మొదటి ఏడు, అక్క కుదుటపడనీ అనుకున్నాను. తర్వాత ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారు గదా అనే భయం మొదలైంది, ఏ ఏటికా ఏడు ఆ గోడ ఎత్తు పెరిగిందే గాని తరగలేదు. పాల పని పోయింది. అక్క నాలుగు ఆవులు పెట్టుకుని ఇల్లు నడిపింది. ఒళ్ళు అలిసిన రోజున ఆమె నోట ఒకే మాట వచ్చేది. "ఒక్క క్లిప్పు పెట్టుకునేదానికి చేతులు రాలేదే ఈ మనిషికి. ఇంట్లో బిడ్డ ఉండాదని గూడా తలంపు లేదే." బావ తల వంచుకుని వినేవాడు. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు కూడా విన్నాడు. చేతిలో కాఫీ గ్లాసుతో నేనూ విన్నాను. పైగా ఆయన, కొత్తగా బండి కొన్న పిల్లలు ఎవరు ఎదురుపడినా ఆపి, తన చెయ్యి చూపించి, క్లిప్పు పెట్టుకోండిరా అని చెప్పేవాడు. చెయ్యని తప్పును అంత ఓపికగా ఊరంతా ఒప్పుకుంటూ తిరిగాడు.

మూడు వారాల కిందట మా మేనకోడలు బండి కొన్నది. శ్రీకాళహస్తి చుట్టుపక్కల పొలాల్లో మట్టి నమూనాలు సేకరించే ఉద్యోగం ఆమెది. అదే రకం ఎత్తయిన బండి. హెల్మెట్, బూట్లు కొనిపెట్టడానికి నేనూ బావా వెంట పోయాం. అదే దుకాణం, ఇప్పుడు ఏసీ పెట్టారు, కౌంటరులో మాత్రం అదే పెద్దాయన, ఇంకా ముసలివాడై. మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఆమెకు హెల్మెట్ ఇస్తూ, "తల ఇచ్చే మొక్కేమన్నా ఉండాదా అమ్మా? ఉంటే దిగినాంక రా. ఈడ అందరికీ చెప్తాను, ఇనేవాళ్ళు తక్కువ" అన్నాడు.

ఆమె జాకెట్ వేసుకుని చూడటానికి లోపలికి పోయింది. కూతురు వెనక కూర్చుని పోవడానికి తనకూ ఒక హెల్మెట్ కావాలన్నాడు బావ, పద్నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి. పెద్దాయన తల నిండా మూసే హెల్మెట్ ఒకటి తొడిగాడు. బావ ఎడమ చెయ్యి లేవదు కాబట్టి క్లిప్పు పెట్టడానికి నేను వంగాను. హెల్మెట్ ముందు సందులోంచి ఆయన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నేనూ గుండుతోనే పడింది," అన్నాడు పెద్దాయనతో, "అయితే నాది వేరేలే సామీ, నేను క్లిప్పే పెట్టుకోలేదు."

నా చేతులు ఆయన గడ్డం కింద ఆగిపోయాయి. పెట్టుకున్నావు బావా అన్నాను, నాకే వినబడనంత మెల్లగా. చెవుల మీద మెత్తలు ఉన్నాయి గదా, ఆయనకు వినబడలేదు.

"ఏమంటివి?"

ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. గట్టిగా. "ఆ పొద్దు నువ్వు క్లిప్పు పెట్టుకునే ఉన్నావు బావా. వదులైపోయి ఊడింది. ఆ క్లిప్పు విప్పింది నేను."

జాకెట్ వేసుకుని బయటికి వచ్చిన మేనకోడలు అక్కడే నిలబడిపోయింది. పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. హెల్మెట్ లోపలి నుంచి బావ గొంతు వచ్చింది.

"అట్లయితే నేను పెట్టుకొనే ఉంటినా?"

"పెట్టుకున్నావు."

"మీ అక్కకు తెలుసా?"

తెలియదన్నాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన నా చేతులను తన గడ్డం కింద నుంచి పక్కకు తోసేశాడు. కుడిచేత్తో పట్టీ ఒక కొస వెతికి పట్టుకుని, దాన్ని దవడకూ భుజానికీ మధ్య అదిమిపెట్టి, రెండో కొసను దాని దగ్గరికి తీసుకురావడానికి ప్రయత్నించాడు. జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. పెద్దాయన సాయానికి రాబోతే తల అడ్డంగా ఊపాడు. కూతురు రాబోతే చెయ్యెత్తి ఆపాడు. నేను అక్కడి నుంచి కదలలేను, చూడకుండా ఉండలేను. చివరికి టక్కుమంది.

"ఇన్నావా?" అన్నాడు నా వైపు చూసి. అంతే. కూతురి వెనక ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేనే అక్కకు ఫోను చేసి అంతా చెప్పాను. అవతల ఆవు మెడలో గంట వినిపిస్తూ ఉంది. "పద్నాలుగేండ్లు నా నోటితో ఆ మనిషిని ఎన్ని మాటలు అనిపించినావురా తమ్ముడా," అని పెట్టేసింది. తర్వాత నేను చేసినా తియ్యలేదు.

ఇప్పుడు దుకాణాల్లో తలకు టేపు చుట్టి కొలిచి ఇస్తున్నారు, నాలాంటి తెలిసినవాళ్ళ అవసరం ఎవరికీ లేదు, అది మంచిదే. ఆ ఇంట్లో క్లిప్పు మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదని మేనకోడలు మెసేజి పెట్టింది, మామా అని మాత్రం రాయలేదు. నాయనలు తువ్వాళ్ళు చుట్టుకుని తిరిగిన రోజులు పోయాయి, బావా నేనూ నవ్వుకుంటూ బూట్లు కొన్న సాయంత్రమూ పోయింది, వినడానికి భయపడిన ఆ ఆదివారం ఫోను కోసం ఇప్పుడు ఆరున్నర నుంచి కాచుకుని కూర్చుంటున్నాను. ఏడు దాటాక ఇవాళ కూడా మార్కెట్టుకు బయలుదేరాను. మెట్ల మీద ఆగి హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద చప్పుడు వినబడేదాకా నొక్కి, అడిగేవాళ్ళు ఎవరూ లేకపోయినా, ఊ అన్నాను.